మస్తాన్ మాస్టారి ‘గివ్ అప్’ పాఠం

మొన్న నందిగామలో జగ్గయ్యపేట బస్సెక్కాను. పక్క సీట్లోని పెద్దావిడ కొంగు ముడి విప్పి రెండు లవంగాలు తీసింది. ఒకటి తన నోట్లో వేసుకుని, రెండోది నాకు చాపింది. నేను గొంతు సవరించుకోవడం విని దగ్గనుకుంది కాబోలు. పుచ్చుకోలేదు. కానీ ఆవిడ పంటి కింద లవంగం చిట్లగానే ఆ ఘాటు వచ్చి ముక్కుకి తగిలింది, నేను కిటికీ వైపు తిరిగిపోయాను. లవంగం వాసనకి చాలామందికి పులావో పంటినొప్పో గుర్తొస్తుంది. నాకు ఒక నల్లబల్ల, దాని ముందు నిలబడ్డ సన్నటి మనిషి గుర్తొస్తారు. గొంతు ఎండకుండా దవడన లవంగం పెట్టుకుని పాఠం చెప్పే మస్తాన్ మాస్టారు. ఆయన పోయి రెండు నెలలయింది. నేను వెళ్తున్నది ఆయన ఇంటికే. పోయినప్పుడు వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదని మా ఆయన అడిగితే పరీక్షల డ్యూటీ అన్నాను. పరీక్షలు అంతకు వారం ముందే అయిపోయాయి. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాతో వాదన పెట్టుకునే ఓపిక లేక ఊరుకున్నాడు.

మాస్టారిని మీరెవరూ ఎరగరు. ఎరిగేంత పేరు ఆయనకి లేదు. నందిగామలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఆడపిల్లల సెక్షనుకి ఏడాదిన్నర ఇంగ్లీషు చెప్పారు, అంతే. ఆ కాలేజీ ఇప్పుడు లేదు, ఆ మేడలో చీరల కొట్టు పెట్టారు. మేము నలభై మందిమి. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి బస్సుల్లో వచ్చేవాళ్ళమే ఎక్కువ. టెన్త్ వరకు తెలుగు మీడియంలో చదివి, ఇంగ్లీషు పీరియడ్ అంటే గైడు బట్టీ కొట్టే పీరియడ్ అని స్థిరపడిపోయిన వాళ్ళం. ఆయన వచ్చిన మొదటి రోజే నేను లేచి, “గైడు ఏ కంపెనీది కొనమంటారు సార్?” అని అడిగాను. “ఏదీ కొనొద్దమ్మా. కొన్నవాళ్ళు తిరిగిచ్చేయండి, తీసుకుంటే,” అన్నారు. పదహారేళ్ళ వయసులో నాకు అంత అన్యాయమైన మాట ఇంకోటి వినపడలేదు.

ఆయన పద్ధతి ఇదీ. ఇంగ్లీషులో క్రియ వెనకాల ఒక చిన్న ముక్క తగిలిస్తే దాని బతుకే మారిపోతుంది కదా, అలాంటివి రోజుకొకటి బోర్డు మీద రాసేవారు. దానితో మేము ఒక్కొక్కళ్ళం వాక్యం రాయాలి. షరతు ఒకటే. ఆ వాక్యం మన ఇంట్లోనో వీధిలోనో నిజంగా జరిగినదై ఉండాలి. తప్పుల్లేని అబద్ధం రాస్తే తుడిపించేవారు, తప్పులున్న నిజం రాస్తే కూర్చుని దిద్దేవారు. ‘గివ్ అప్’ వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. గివ్ అంటే ఇవ్వడం, అప్ అంటే పైకి, కాబట్టి పైకి ఇవ్వడమా అని వెనక బెంచీవాళ్ళు నవ్వారు. ఆయన సుద్దముక్క చాపారు. నా పక్కన కూర్చునే సుజాత ముందు లేచింది. ‘మై ఫాదర్ గేవ్ అప్ స్మోకింగ్’ అని రాసింది.

“ఎప్పుడు మానేశారమ్మా నాన్నగారు?”

“మానలేదు సార్. పొద్దున కూడా కాల్చారు.”

“మరి?”

“మానేస్తే బాగుండని రాశా సార్.”

“బాగుండటం వేరు, జరగడం వేరు. తుడిచెయ్ తల్లీ.”

అప్పుడు మొదలయ్యాయి నిజాలు. ఒకమ్మాయి వాళ్ళ గేదె ఈనలేక అవస్థ పడుతుంటే పశువుల డాక్టరు చేతులెత్తేశాడని రాసింది. ఒకమ్మాయి కంచికచర్ల బస్సులో కడుపుతో ఉన్నావిడకి సీటిచ్చి నందిగామ దాకా నిలబడ్డానని రాసింది. ఒకమ్మాయి తమ్ముడు పొడుపు కథ విప్పలేక, ఓడిపోయా నువ్వే చెప్పెయ్ అన్నాడని రాసింది. చివర్లో ఎప్పుడూ నోరు విప్పని ఒక పిల్ల వెళ్ళి, చీమల్లాంటి అక్షరాలతో, కేసులో ఇరుక్కుని తిరుగుతున్న వాళ్ళ బాబాయి మొన్న స్టేషనుకెళ్ళి లొంగిపోయాడని రాసింది. మాస్టారు దాన్ని పైకి చదవలేదు. ఒక ఎస్ చేర్చి, “మంచి వాక్యం,” అని తరవాతి అమ్మాయిని పిలిచారు. ఆ బాబాయి మాట మాలో ఎవరూ బయట ఎత్తలేదు. ఎత్తొద్దని ఆయన చెప్పనూ లేదు.

“చూశారా,” అన్నారు చేతుల సుద్ద దులుపుకుంటూ. “మానెయ్యడం, చేతులెత్తెయ్యడం, లేచి సీటివ్వడం, ఓటమి ఒప్పుకోవడం, లొంగిపోవడం. మనకి ఇన్ని మాటలున్నాయి. ఇంగ్లీషువాడు పాపం బీదవాడు, ఆ రెండు ముక్కలతోనే సంసారం లాక్కొస్తున్నాడు. కానీ ఒకటుంది. వీటన్నిట్లోనూ ముందు మనిషి చేతిలో ఏదో ఒకటుంది. అలవాటో, ఆశో, కుర్చీయో. అసలేమీ లేనివాడు గివ్ అప్ చెయ్యలేడు.” ఆ తరవాత, ‘గివ్ ఇట్ అప్’ అనాలి గాని ‘గివ్ అప్ ఇట్’ అనకూడదన్నారు. నేను ఊరుకోలేదు.

“ఎందుకనకూడదు సార్?”

“వాళ్ళనరు కాబట్టి.”

“వాళ్ళు అనకపోతే మనమెందుకు మానాలి?”

“రాజ్యలక్ష్మి విల్ నాట్ గివ్ ఇట్ అప్,” అన్నారాయన క్లాసు వైపు తిరిగి. నలభై మందీ నవ్వారు. ఆ ఉదాహరణతో అది ఇప్పటికీ ఎవరూ మరిచిపోయి ఉండరు. నాకు మాత్రం మండింది. “మా ఇళ్ళ సంగతులన్నీ లాగుతున్నారు. మీరొక్కటీ రాయరేం సార్?” అన్నాను. ఆయన లవంగాన్ని ఒక దవడ నుంచి ఇంకో దవడకి మార్చుకుని, బోర్డు వైపు తిరిగారు. ‘ఐ గేవ్ అప్ మై బి.ఏ. ఇన్ ది సెకండ్ ఇయర్’ అని రాశారు. ఆయన దస్తూరి అచ్చు వేసినట్టుండేది. తండ్రి లారీ డ్రైవరట, కీసర దగ్గర యాక్సిడెంటయి కాలు పోయిందట, ఇంట్లో సంపాదించే మనిషి లేక కాలేజీ మానేశారట. ఇంగ్లీషు మాత్రం మానలేదని, చేతికి దొరికిన పేపరల్లా చదివానని, రెండు ముక్కల్లో చెప్పి బోర్డు తుడిచేశారు. చెప్పొద్దనో, ఇది మన మధ్యే ఉండాలనో అనలేదు. ఆ బాబాయి సంగతి మా దగ్గర ఎలా ఉందో ఇదీ అలాగే ఉంటుందని అనుకున్నారు.

ఇక్కడ ఆయన తప్పు కూడా చెప్పాలి. పోయిన మనిషని దాచను. కాలేజీ మెట్ల దగ్గర లెక్చరర్ల పేర్ల బోర్డు ఉండేది, అందులో ఆయన పేరు పక్కన బి.ఏ. అని ఉండేది. కరెస్పాండెంటు గారు ఆయన్ని చేర్చుకున్నప్పుడు కాసేపు ఇంగ్లీషులో మాట్లాడించి రేపట్నుంచి రమ్మన్నారే గాని సర్టిఫికెట్లు అడగలేదు. పెయింటరు అందరి పేర్ల పక్కనా ఏదో ఒకటి రాసినట్టే ఈయన పేరు పక్కనా రాశాడు. రోజూ ఆ బోర్డు పక్క నుంచే పైకెక్కి, మా చేత నిజాలు రాయించేవారు. చెరిపించాల్సింది. చెరిపించలేదు. ఇది నేను నన్ను కాపాడుకోవడానికి చాలా ఏళ్ళు వాడుకున్న వాదన, అందుకే ఇంత నున్నగా వస్తోంది.

సెకండియర్ హాఫ్ ఇయర్లీ పరీక్షలో ఆ పాఠం మీదే ప్రశ్న వచ్చింది. సుజాతని మార్కుల్లో దాటాలని పట్టుదలగా ఉన్నాను. దొంగతనంగా కొనుక్కున్న గైడులోంచి, సైనికులు చివరి దాకా ఆశ వదులుకోలేదన్న వాక్యం గుక్క తిప్పుకోకుండా రాసేశాను. పేపరు చేతికొచ్చేసరికి ఆ వాక్యం పక్కన సున్నా, దాని కింద ఎర్ర సిరాతో ఒక మాట. ‘ఈ సైనికులు ఎవరమ్మా? మీ వీధివాళ్ళా?’ ఆ సున్నాతో ఫస్టు ర్యాంకు సుజాతకి పోయింది. పీరియడ్ అయ్యాక వరండాలో ఆయన్ని ఆపాను.

“ఇందులో గ్రామర్ తప్పా సార్, స్పెల్లింగ్ తప్పా?”

“రెండూ కాదు.”

“మరి సున్నా ఎందుకేశారు?”

“అది నువ్వు రాసింది కాదు కాబట్టి.”

“పబ్లిక్ పరీక్షలో ఇలాగే వేస్తారా?”

“వెయ్యరమ్మా. అక్కడ మార్కులొస్తాయి.”

“వస్తాయిగా మరి. అక్కడ దిద్దేవాళ్ళు డిగ్రీలు పూర్తి చేసినవాళ్ళు సార్. సెకండియర్లో మానేసినవాళ్ళు కాదు.”

నా గొంతు ఎప్పుడూ చిన్నది కాదు. మెట్లెక్కి వస్తున్న కరెస్పాండెంటు గారు అక్కడే ఆగిపోయారు. పత్తి వ్యాపారం చేసి, ఆ డబ్బుతో కాలేజీ పెట్టిన పెద్దమనిషి ఆయన. మాట నెమ్మది.

“ఏంటి మాస్టారూ, ఆ అమ్మాయి అంటున్నది?”

కోపంలో ఏదో వాగుతుందండి అంటే సరిపోయేది. మార్కులు తగ్గి ఉక్రోషపడిన పిల్ల మాట ఎవరు లెక్కచేస్తారు? నేను కూడా తల దించుకుని పక్కకి తప్పుకునేదాన్ని. మాస్టారు నా వైపు చూడలేదు.

“నిజమేనండి. నాది డిగ్రీ పూర్తి కాలేదు.”

“కింద బోర్డు మీద ఉందే.”

“ఉందండి. తీయించమని నేనే చెప్పాల్సింది. చెప్పలేదు.”

సోమవారం ఆయన రాలేదు. బోర్డు మీద ఆయన పేరున్న చోట తెల్ల పెయింటు పూసి ఉంది. సాయంత్రం సుజాతా నేనూ బస్టాండుకి నడిచాం. బస్సు కనపడ్డాక, “సంతోషమా?” అంది.

“నేను అబద్ధం చెప్పానా?”

“లేదు. ఆ పిల్ల బాబాయి సంగతి కూడా ఊళ్ళో చెప్పిరా పో. అదీ అబద్ధం కాదుగా,” అని బస్సెక్కేసింది.

తరవాత వచ్చినాయన ఎం.ఏ. చదివినవాడే. కుర్చీలో కూర్చుని గైడు చదివేవాడు, మేము రాసుకునేవాళ్ళం. అందరికీ మంచి మార్కులొచ్చాయి, నాకు అందరికన్నా ఎక్కువ వచ్చాయి. మా నాన్న మాత్రం ఈ సంగతంతా విని, మా అమ్మాయి లెక్చరర్నే నిలదీసిందని కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయాడు. ఆ మురిపెం వెనక చాలాకాలం దాక్కున్నాను. బి.ఏ. చేశాను, ఎం.ఏ. చేశాను, నందిగామలోనే ఒక కాలేజీలో ఇంగ్లీషు చెప్పే ఉద్యోగంలో చేరాను. మాస్టారు జగ్గయ్యపేట వైపు ఒక సున్నపురాయి క్వారీ గేటు దగ్గర, వచ్చే పోయే లారీల నంబర్లు రాసుకునే పనిలో చేరారని సుజాత ద్వారా తెలిసింది. ఆ దస్తూరితో లారీల నంబర్లు. ఇరవై ఏళ్ళు ఆ తెల్లటి దుమ్ములో కూర్చున్నారు. దగ్గు పట్టుకుంది, ఊపిరి చాలకుండా అయింది. ఆయనకి బాగోలేదని సుజాత ఫోను చేసి మరీ చెప్పింది. ఒకసారి వెళ్ళమని మాత్రం అనలేదు. అనాల్సిన పని లేదని దాని ఉద్దేశం.

వెళ్ళడానికి నాకు మూడు నెలలు పట్టింది. జగ్గయ్యపేటలో ఒక సందు చివర రెండు గదుల ఇల్లు. ఫ్యాను కింద నవారు మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. నేను గుమ్మంలో ఆయన భార్య హుసేన్‌బీ గారితో మాట్లాడుతుంటేనే, “ఎవరూ, రాజ్యలక్ష్మా? గొంతు మారలేదు,” అన్నారు లోపల్నుంచి. క్షమించమని అడగడానికే వెళ్ళాను. బస్సులో ఆ వాక్యం పదిసార్లు అనుకున్నాను. తీరా ఆయన ఎదురుగా కూర్చున్నాక అది నా నోట్లో వాదనగా మారిపోయి బయటికొచ్చింది.

“ఆ రోజు కాదని ఒక్క మాట అంటే పోయేది కదండీ. మిమ్మల్ని సర్టిఫికెట్ ఎవరడిగారు?”

ఆయన దగ్గి, నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టారు. “నలభై మంది పిల్లల ముందు బోర్డు మీద రాశానమ్మా. పెద్దాయన దగ్గర కాదని, మర్నాడు అదే క్లాసులోకొచ్చి, నిజం రాయండి తల్లీ అని ఏ మొహం పెట్టుకుని అడగను?”

“అసలు క్లాసే లేకుండా పోయిందిగా.”

“పోయింది,” అన్నారు. నా మాటకి ఎదురు చెప్పకుండా ఎవరైనా ఒప్పుకుంటే నాకు కాలూచెయ్యీ ఆడదు. మళ్ళీ ఎక్కడా పాఠాలు చెప్పలేదా అని అడిగాను. రెండు మూడు చోట్ల అడిగానని, ఈసారి డిగ్రీ సంగతి ముందే చెప్పేసేవాడినని, అది విన్నాక ఎవరూ ఇంగ్లీషులో మాట్లాడించి కూడా చూడలేదని చెప్పారు. ఆ చెప్పడంలో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది, దాని మీద వాదించేదాన్ని. తరవాత ఆయన మొహం కాస్త తేటపడింది.

“నువ్వు లెక్చరర్ అయ్యావంట కదా. పిల్లల చేత సొంతంగా రాయిస్తున్నావా?”

“రాయిస్తున్నా సార్. రోజూ.”

“ఒకటి చెప్పు, వింటాను.”

మా కాలేజీలో స్టడీ మెటీరియల్ అని అచ్చేసిన పుస్తకం ఇస్తాం. గివ్ అప్‌కి ఒకే వాక్యం ఉంటుంది అందులో, సెక్షను మొత్తం అదే రాస్తుంది, నేను అందరికీ మార్కులేస్తాను. రిజల్ట్స్ తగ్గితే మేనేజ్‌మెంట్ ఊరుకోదు. ఇవేవీ ఆయనకి చెప్పలేదు. అప్పటికప్పుడు అల్లాను. ఒకమ్మాయి వాళ్ళమ్మ కళ్ళు సరిగ్గా కనపడక టైలరింగ్ మానేసిందని రాసింది సార్, అన్నాను. ఆయన కళ్ళు మూసుకుని ఆ వాక్యం ఇంగ్లీషులో ఒకసారి పెదాలతో అనుకుని, “బాగుంది,” అన్నారు. ఇంకొకటి చెప్పమనలేదు. నేను తొందరగా లేచి వచ్చేశాను. మళ్ళీ వెళ్ళలేదు.

మొన్న వెళ్ళినప్పుడు ఆ నవారు మంచం ఎత్తి గోడకి నిలబెట్టి ఉంది. హుసేన్‌బీ గారు చాప వేసి కూర్చోమన్నారు. ఈసారి వాదన పెట్టుకోవడానికి మనిషి లేడు కాబట్టి, ఆయన ఉద్యోగం పోవడానికి కారణం నేనేనని చెప్పేశాను.

“తెలుసమ్మా. మీ పేరు చెప్పేవారుగా,” అన్నారావిడ. “కోపంగా కాదు. మా క్లాసులో అందరికన్నా బాగా వాదించేది ఆ పిల్లేనని నవ్వేవారు. కాని ఆ రోజు మీరొచ్చి వెళ్ళాక అన్నం కూడా వద్దన్నారు. ఏంటండీ అంటే, ఆ అమ్మాయి పిల్లల చేత రాయించట్లేదు, నేను అడక్కుండా ఉండాల్సింది అన్నారు.”

“ఇంకేమన్నారండీ?”

“నా వల్ల కదా ఆ పిల్లకి అబద్ధం చెప్పాల్సొచ్చింది, అన్నారు.”

టీ ఇచ్చారు. తాగాను. తిరుగు బస్సులో నాకొకటే ధ్యాస. ఆయనకి నేను చెప్పిన ఆ అబద్ధాన్ని ఇప్పుడైనా నిజం చెయ్యాలి. సోమవారం ఫస్టియర్ క్లాసులోకి వెళ్ళగానే మెటీరియల్ మూయించాను. బోర్డు మీద గివ్ అప్ అని రాసి, మీ ఇంట్లో జరిగిన సంగతి ఒకటి రాయమన్నాను. పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. మొదటి బెంచీలో ఒకమ్మాయి పెన్ను మూత పెట్టేసి లేచింది.

“ఇంట్లో సంగతులా మేడం?”

“అవును. నిజమైతే చాలు, తప్పులున్నా పర్లేదు.”

“మరి ఎవరైనా బయట చెప్తే మేడం?”

ఆ పిల్ల పొగరుగా అడగలేదు. రాయడానికి దాని దగ్గర ఏదో ఉంది, అది మొహంలో తెలుస్తూనే ఉంది. అది బయటపడితే ఎవరికి ఏమవుతుందో లెక్క చూసుకుని మరీ అడుగుతోంది. ఎవరూ చెప్పరమ్మా, అనాలి నేను. మాస్టారు మాకు ఆ మాట ఎప్పుడూ ఇవ్వలేదు. ఆయన మమ్మల్ని నమ్మారు, మేము ఒకళ్ళనొకళ్ళం నమ్మాం, దాంతో ఏడాదిన్నర గడిచిపోయింది. ఎవరితోనైనా ఏ విషయం మీదైనా గంటలకొద్దీ వాదించగలిగిన నేను, ఆ పిల్ల కళ్ళలోకి చూస్తూ ఒక్క మాట ఇవ్వలేకపోయాను. క్లాసులో ఒక్కతి ఉంటే చాలు. ఆ ఒక్కతి చెడ్డది కానక్కర్లేదు, తెలివైనదీ చురుకైనదీ అయినా చాలు, ఒక రోజు మార్కులు తగ్గితే చాలు. ఆ సంగతి ఈ నందిగామలో నాకన్నా బాగా తెలిసినవాళ్ళు లేరు. మాస్టారి పాఠం నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. దాన్ని చెప్పడానికి కావలసిన నమ్మకాన్ని నా చేతుల్తోనే పాడుచేసుకున్నాను. ఆ అమ్మాయి ఇంకా నిలబడే ఉంది. కూర్చోమని, బోర్డు తుడిచి, పుస్తకంలో పేజీ నంబరు చెప్పాను.